దీపం దించని పాతర

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: అవ్వ జములమ్మ, అమ్మ విజయమ్మ, చిన్నాయన ఏసురత్నం, చిన్నమ్మ బాలనాగమ్మ, నేను. నా పేరు రూతమ్మ, పదహారో ఏడు. మా నాయిన శాంతయ్య ఇంట్లో లేడు. తుంగభద్ర కట్ట పనికి పోయి నాలుగు నెలలైంది. పొయ్యిలో నిప్పు లేదు, కుండలో గింజ లేదు.

ఎక్కడో యుద్ధం జరుగుతోందని అన్నారు. మా ఊరికి తుపాకి చప్పుడు రాలేదు, ధరలు వచ్చాయి. రూపాయికి తొమ్మిది శేర్లు వచ్చే జొన్నలు మూడు శేర్లయ్యాయి. అగ్గిపుల్లను నిలువునా రెండుగా చీల్చి వాడుకున్నాం. దీపాలకు గాసునూనె దుకాణం ముందర దొరకదు, వెనక తలుపు దగ్గర దొరుకుతుంది. ఆముదాలు మేమే ఏరాం, మేమే బండ్లకెత్తాం, తలకు రాసుకోవడానికి చుక్క మిగల్లేదు. కూలి సంగతి మరీ అన్యాయం. జొన్నలు అగ్గువగా ఉన్నన్నాళ్ళు దొర కూలి జొన్నల్లో కొలిచాడు. ధర ఎక్కగానే పైసల్లో ఇవ్వడం మొదలుపెట్టాడు. పొద్దంతా వంగి పని చేస్తే వచ్చే పైసలకు ఒక పూట జొన్న గట్క కూడా రాదు. చదువుకునే అన్నలారా, మిల్లుల్లో పనిచేసే అన్నలారా, ఈ మోసానికి మీ దగ్గర ఏం పేరుందో నాకు తెలియదు. మా దగ్గర పేరు లేదు, ఆకలి ఉంది.

మాకు లేని గింజలు దొరకు ఉన్నాయి. భూమి కింద ఉన్నాయి. గడీ వెనక దిన్నె మీద ఆయనవి ఏడు పాతరలు. మనిషిన్నర లోతు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పుతారు. ఎన్నేళ్ళయినా గింజ చెడిపోదు. ధర ఎప్పుడు ఎక్కుతుందా అని ఆ గింజలు నేల కిందే ఎదురుచూస్తాయి.

పాతర తియ్యాలంటే మా ఇంటివాళ్ళే దిగాలి. మూడు తరాలుగా అది మా ఇంటి వెట్టి. దానికొక పద్ధతి ఉంది. నోరు తెరిచాక ఒక పూట ఆగాలి. మూసిపెట్టిన గింజల గాలి విషం. తర్వాత గొంగడితో గాలి కొట్టాలి. ఆ తర్వాత బుడ్డి దీపాన్ని తాడుకు కట్టి దించాలి. దీపం నిలిస్తే మనిషి దిగవచ్చు, ఆరితే దిగకూడదు. కాగడా దించరు, గడ్డి అంటుకుంటే గింజలన్నీ బుగ్గే. ఇంత పని చేసినందుకు దిగినవాడికి దక్కేది పాతర అడుగు. గడ్డికి అంటుకుని నల్లబడి, బూజు వాసన కొట్టే అడుగు గింజలు. కడిగి, ఎండబెట్టి, దంచితే పది రోజుల తిండి.

ఆ రోజు పొద్దున్నే గడీ గుమాస్తా మా మాదిగ గేరి ముందర నిలబడి కేకేశాడు.

"ఏయ్ ఏసురత్నం! పాతర నోరు తీసిండ్రు. దిగుదువు రా!"

చిన్నాయన తలగుడ్డ చుట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన వెనకే మేమందరం దిన్నెకు పోయాం. దిన్నె మీద లారీ ఉంది. పాతర మూత తీసి ఇంకా గడియ కూడా కాలేదు.

"గుమాస్తా దొరా, పూటన్న ఆగాలె గద," అన్నాడు చిన్నాయన.

"లారీ ఆగుతదారా నీ అయ్య లెక్క?"

"జర దీపమన్న దించనియ్యి. మా ఇంట్ల చుక్క నూనె లేదు. గడీల లాంతరు ఇప్పియ్యి."

గుమాస్తా నవ్వాడు. "నూనె ఏం ధరుందో ఎరుకనా నీకు? గడీ లాంతరు తెచ్చి నీ బొందల దించాల్నా? నీకు ముక్కున్నది గద, వాసన చూసి దిగు."

అమ్మ ముందుకు వచ్చింది. "వద్దు మరిదీ. పొద్దుమీకి దిగు."

"పొద్దుమీకి దాకా ఎందుకు? పక్కూరోళ్ళను పిలిపిస్త," అన్నాడు గుమాస్తా. "అడుగు గింజలు గూడ వాళ్ళే మూటగట్టుకుపోతరు. మీరు ఇంట్ల పండుకోండ్రి."

చిన్నాయన మా అందరి ముఖాలూ చూశాడు. అవ్వ రెండు రోజులుగా చింతగింజలు నానబెట్టుకుని నములుతోంది. ఆయన ఆ నోటిని చూశాడు. తర్వాత పాతర మీదికి వంగి వాసన చూశాడు. అక్కడే తప్పు చేశాడు. మూడు తరాల అనుభవం ఉన్న ముక్కు అని నమ్మాడు. ఆ గాలికి వాసన ఉండదు.

"ఏం గాదు వదినె. నాలుగుసార్లు గొంగడితోని కొట్టి దిగుత."

గొంగడితో కొట్టాడు, దిగాడు. తల లోపలికి పోయాక "గడ్డి తడిగున్నది" అన్న మాట వినబడింది. అంతే. గంప కింద పడ్డ చప్పుడు, ఆ వెనక ఇంకేదో బరువైనది పడ్డ చప్పుడు.

చిన్నమ్మ పాతర నోట్లోకి దూకబోయింది. అమ్మ ఆమె కొప్పు పట్టుకుని వెనక్కి గుంజింది. "నువ్వు గూడ పోతవానే!" బావి దగ్గరి పాతాళగరిగె తెచ్చి, దాని కొక్కేలను చిన్నాయన మొలతాడుకు తగిలించి లాగాం. బావిలో పడ్డ బిందెను లాగినట్టు లాగాం. పైకి వచ్చేసరికి ఆయన పెదాలు నీలిరంగుకు తిరిగాయి. పిడికిట్లో జొన్నలున్నాయి.

గుమాస్తా రెండడుగులు వెనక్కి వేసి అన్నాడు: "కల్లు తాగొచ్చిండు గావచ్చు."

లారీ డ్రైవర్ తల తిప్పుకున్నాడు.

"ఇంకెవరు దిగుతరు?" అన్నాడు గుమాస్తా.

అప్పుడు మా గేరివాళ్ళు ఒక్కొక్కరుగా వెనక్కి తిరిగారు. ఏ మాటా అనుకోలేదు, ఏ ఒట్టూ పెట్టుకోలేదు. శవాన్ని ఎత్తుకుని నడిచారు. ఆ రోజు లారీ ఖాళీగా పోయింది.

మూడో రోజు నాగర్‌కర్నూల్ వైపు నుంచి వెట్టి చెయ్యొద్దని ఊళ్ళు తిరిగి చెప్పే సంగం మనిషి భీమయ్య వచ్చాడు. చెప్పుల్లేవు, మడమలు పగిలి నెత్తురు కారుతున్నాయి. మా ఇంటి ముందర కూర్చుని నీళ్ళు తాగి, బొడ్లోంచి సర్కారు ముద్ర ఉన్న అచ్చు కాగితం ఒకటి తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

"సర్కారు కట్టిన కంట్రోలు ధర రాసున్నది దీంట్ల. ఊళ్ళె దాచిన గింజలు ముందు ఊరోళ్ళకే అమ్మాలె. నేను బల్మూర్ దిక్కు పోతున్న, నా ఎనక పోలీసోళ్ళున్నరు. అందరిని కూడగట్టి చదివియ్యండ్రి."

"చదివెటోడేడన్న మా ఊళ్ళె? పట్వారొక్కడు. ఆడు దొర దిక్కు," అంది అమ్మ.

అవ్వ నన్ను చూపించింది. "గిది చదువుతది. మిషను బడిల అయిదు దాకా కూసున్నది."

నేను నలుగురిలో గొంతెత్తి ఎరగను. చర్చిలో పాట కూడా పెదాలతోనే పాడతాను.

సాయంత్రం మా గేరి మొదట్లో మంది చేరారు. మా వాళ్ళు నేల మీద కూర్చున్నారు. ఊళ్ళోని చిన్నచిన్న రైతులు కూడా వచ్చారు గాని బాట అవతలే నిలబడ్డారు. వాళ్ళలో పెద్ద గొంతు బాలన్నది. ఉన్నది మూడెకరాల మెట్ట చెలకే, అయినా మా వాళ్ళకు ఆయన పటేలు.

"నా ఇంట్ల పండిందంత సర్కారు లేవీ అని కొలుచుకపోయిండ్రు," అన్నాడు బాలన్న బాట అవతలి నుంచే. "దొర ఇంటికి ఏ లేవీ పోలేదు. ఇప్పుడు నేను పండిచ్చిన జొన్నలు నేనే మూడింతలు పెట్టి కొనాల్నట!"

"అయితే ఇవుతలికొచ్చి చెప్పరాదు పటేలా?" అంది చిన్నమ్మ. మొగుణ్ణి మట్టి చేసిన మూడో రోజు, ఆమె గొంతు రాయిలా ఉంది. "మా చేతులు పడ్డ జొన్నలు తింటవు. మా గేరిల కాలు పెట్టవా?"

"అది వేరే ముచ్చట బాలనాగమ్మా."

"ఏం వేరే? నీ కడుపు వేరే, మా కడుపు వేరేనా?"

గొర్రెలు కాసే కురుమయ్య ఫక్కున నవ్వాడు. "జొన్నలకు మైలుంటదా లేదా, జర తేల్చి చెప్పు పటేలా. నాకు తెల్వక అడుగుతున్న." అంటూ గొంగడి భుజాన వేసుకుని బాట దాటి వచ్చి మా మధ్య కూర్చున్నాడు. అతని వెనక ఇద్దరు వచ్చారు. తర్వాత నలుగురు. బాలన్న ఎవరినో తిట్టుకుంటూ తానూ వచ్చాడు. కూర్చోలేదు, నిలబడ్డాడు. అదైనా చాలు.

"చదువు బిడ్డా," అంది అమ్మ.

నేను వాళ్ళ వైపు చూడలేక గోడ వైపు తిరిగి చదివాను.

"గోడకు చెప్తున్నదే!" ఎవరో అన్నారు. నవ్వారు. నా చెవులు మండాయి. అయినా చదివాను.

"గ్రామమందు దాచిన ధాన్యమును మొదట ఆ గ్రామ ప్రజలకే కంట్రోలు ధరకు అమ్మవలెను. జొన్నలు రూపాయికి ఆరు శేర్లు. అమ్మక దాచినవాడును, దొంగతనముగా ఊరు దాటించినవాడును శిక్షకు పాత్రులు."

నవ్వులు ఆగిపోయాయి.

"మళ్ళ చదువు."

మళ్ళీ చదివాను. అయిదుసార్లు చదివించుకున్నారు. అయిదోసారి నేను ఒక మాట దగ్గర తడబడితే బాలన్నే అందించాడు. మా వాళ్ళకు అక్షరం రాదు. విన్నదాన్ని మాత్రం మనసులో బిగించి కట్టుకుంటారు.

"అయితే ఏంది చేద్దాం?" అన్నారు.

"ఎవ్వడూ దిగడు," అంది అమ్మ. "నోరు తెరిచిన పాతర వాన దాక ఆగదు. మబ్బులు దిగుతున్నయి. దొరకే తొందర, మనకు లేదు. గింజలు పైకి రావాల్నంటే ఇక్కడనే, ఊరి మొకాన, ఆరు శేర్లు కొలవాలె."

"మురిగిపోనిస్తడు గని మనకియ్యడు," అన్నాడు బాలన్న.

"మురిగిపోనీ. మనకెట్లయినా లేవు. ఆయనకు గూడ ఉండొద్దు."

ఆ రాజీలేని మాట అందరికీ నచ్చింది.

ఆరో రోజు గుమాస్తా ఎక్కడినుంచో ముగ్గురు మనుషుల్ని తెచ్చాడు. ఎముకల గూళ్ళు. మేమంతా దిన్నె చుట్టూ చేరాం. ఇప్పుడు గుమాస్తా చేతిలో గడీ లాంతరు ఉంది, పట్టపగలు వెలుగుతోంది.

"ఇయ్యాల వచ్చిందా లాంతరు?" అంది చిన్నమ్మ. "అయిదు దినాల ముందు ఏడ వొయ్యింది?"

"జరుగు, లం..." అని గుమాస్తా నోరు పారేసుకోబోయాడు. నూటయాభై మందిని చూసి మాట మింగాడు.

చిన్నమ్మ ఆ ముగ్గురి ముందరికి పోయింది. "ఏ ఊరన్నా మీది?"

"గద్వాల అవుతల," అన్నాడొకడు. "ఇల్లు గడుస్తలేదమ్మా. అడుగు గింజలిస్తమన్నరు, వచ్చినం."

"మా ఇల్లు గడిచిందా? నా మొగడు గూడ అడుగు గింజలకే దిగిండు. నూనె ధర ఎక్కువని మనిషి ధర తక్కువ చేసిండు వీడు. దిగుతరా? దిగుండ్రి. మీ పెండ్లాలకు ఏమని చెప్పాల్నో నాకు చెప్పి దిగుండ్రి."

ఆ మనిషి గుమాస్తా వైపు తిరిగాడు. "మనిషి సచ్చిండని చెప్పలే నువ్వు."

"చెప్తే వస్తవా?"

"రాను." గంప కింద పెట్టి కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ అతని పక్కనే కూర్చున్నారు.

మబ్బు కమ్ముకొస్తోంది. గుమాస్తా లాంతరు పట్టుకుని గడీకి పరుగెత్తాడు, పోలీసుల కోసం మనిషిని పంపడానికి. ఠాణా ఆరు మైళ్ళు. వాళ్ళు వచ్చేసరికి తెల్లారుతుంది. గింజలు అంతసేపు ఆగవు.

"తీద్దాం," అంది అమ్మ. "పద్ధతిగ తీద్దాం. దీపం కావాలె."

నూనె ఎవరింట్లోనూ దీపానికి సరిపడా లేదు. ప్రతి ఇంట్లో మాత్రం బుడ్డి అడుగున కాస్త జిడ్డు ఉంది. ఆడవాళ్ళు పరుగెత్తి తెచ్చారు. ఒకరు నాలుగు చుక్కలు, ఒకరు రెండు. బాలన్న భార్య దేవుడి దగ్గరి ఆముదం తెచ్చి పోసింది. గాసునూనె, ఆముదం కలిసి దీపం పొగలు చిమ్మింది, చిటపటలాడింది, గాని వెలిగింది.

మొదటిసారి దించాం. తడి గడ్డి మురిగి విషం ఇంకా ఊరుతూనే ఉందేమో, సగం లోతులో ఆరిపోయింది. చిన్నమ్మ మట్టిలో కూలబడి మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

"గొంగడి నాది, గాలి నేనే కొడుత," అన్నాడు కురుమయ్య. చెమట కారేదాకా కొట్టాడు, తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. రెండోసారి దించాం. వత్తి వణికింది. నిలిచింది.

అమ్మ నడుముకు తాడు కట్టుకుంది. కురుమయ్య కూడా కట్టుకున్నాడు. మా ఇంటివాళ్ళు కాకుండా మరొకరు పాతరలో దిగడం మా ఊళ్ళో అదే మొదలు. రెండు తాళ్ళూ పట్టుకున్న వాళ్ళలో మొదటి చెయ్యి బాలన్నది. ఆయన చేతుల వెనక మా వాళ్ళ చేతులు.

గంపలు పైకి వచ్చాయి. ఇంటికి ఆరు శేర్లు, రూపాయి ఉన్నవాళ్ళు తువ్వాల మీద రూపాయి పెట్టారు. లేనివాళ్ళు ఇన్నాళ్ళూ చేసిన వెట్టిని పెట్టినట్టే అన్నారు. గద్వాల ముగ్గురికీ కొలిచాం. తువ్వాల మూటగట్టి బాలన్న గడీ గుమ్మం ముందర పెట్టి వచ్చాడు. వాన పడేసరికి పాతర ఖాళీ. ఆ సాయంత్రం మా గేరిలోంచి, ఊళ్ళోంచి ఒకేసారి పొగ లేచింది.

తెల్లారి పోలీసులు వచ్చారు. లూటీ కేసన్నారు. పదకొండు మంది ఆడవాళ్ళను, బాలన్నను, కురుమయ్యను తాళ్ళతో కట్టి తీసుకుపోయారు. అమ్మ పోతూ పోతూ నా వైపు చూడనే లేదు. చూస్తే నన్నూ పట్టుకుంటారని ఆమె భయం.

మధ్యాహ్నం అవ్వా నేనూ గట్క కుండ ఎత్తుకుని ఠాణాకు పోయాం. మా వెనక ఊరు ఊరంతా వచ్చి బయట కూర్చుంది. లోపల ఆడవాళ్ళను ఒక గదిలో పెట్టారు, ఆ అర్ర తలుపు బార్లా తీసి ఉంది. అర్ర ముందర ఠాణా పెద్ద అమీను కుర్చీలో కూర్చున్నాడు. అతని కాళ్ళ దగ్గర బాలన్న పడి ఉన్నాడు, వీపు మీద అంగీ లేదు; కురుమయ్యను పక్కన గుంజకు కట్టేశారు.

"బోలో!" అంటున్నాడు అమీను. "కాగజ్ ఎవడు చదివిండు? సంగపోడు ఏడ దాసుకున్నడు?"

"నేనే చదివిన సాబ్," అంది చిన్నమ్మ లోపలినుంచి.

"నువ్వా? చదువు."

ఒక జవాను ఆడవాళ్ళ దగ్గర గుంజుకున్న ఆ కాగితం ఇచ్చాడు. చిన్నమ్మ దాన్ని కళ్ళ ముందు పట్టుకుని గడగడా చెప్పేసింది: "గ్రామమందు దాచిన ధాన్యమును..." ఒక్క మాట తప్పు పోలేదు. కాగితం మాత్రం తలకిందులుగా ఉంది. అమీనుకు తెలుగు చదవడం రాదు, ఉర్దూ అక్షరాలే వచ్చు. అయినా కాగితం మీది సర్కారు ముద్ర తలకిందులుగా ఉండటం కనబడింది.

"ఝూట్! అబద్దం!"

"నేను చదివిన," అంది ఇంకో ఆమె. "కాదు, నేను," అంది అమ్మ. పదకొండు మందీ ఒకరి తర్వాత ఒకరు అదే పాఠం అప్పజెప్పారు. అమీను లేచి బాలన్న వీపు మీద బూటు పెట్టాడు. "వీడు చస్తడు. పేరు చెప్పుండ్రి."

బాలన్న పళ్ళు బిగించి నన్నే చూశాడు. ఆయనకు తెలుసు. చెప్పలేదు. "పో బిడ్డా," అన్నాడు అంతే.

కుండ అవ్వ చేతికిచ్చి ముందుకు నడిచాను.

"నేను చదివిన."

అమీను నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. "మాదిగ పిల్లవు. నీకేం చదువొస్తదే?"

"ఇయ్యండి."

కాగితం తీసుకున్నాను. ఈసారి గోడ వైపు తిరగలేదు. అతని ముఖంలోకి చూస్తూ, వేలితో గీతలు చూపిస్తూ చదివాను. గ్రామమందు దాచిన ధాన్యము. రూపాయికి ఆరు శేర్లు. శిక్షకు పాత్రులు. కాగితం అయిపోయింది. నా గొంతు ఆగలేదు.

"దీపము దించక మనిషిని పాతరలో దింపినయెడల, ఆ మనిషి చచ్చినచో, దింపినవాని మీద ఖూనీ కేసు పెట్టవలెను."

అర్రలోని ఆడవాళ్ళు తలలెత్తారు. ఆ కాగితం వాళ్ళకు కంఠతా వచ్చు. అందులో ఆ మాట లేదని వాళ్ళందరికీ తెలుసు.

అమీను నవ్వు పోయింది. "ఇట్ల రాసుందా?"

"రాసుంది."

"ఉన్నది సాబ్!" చిన్నమ్మ గొంతు. "మేం ఇన్నం. గట్లనే ఉన్నది."

"గట్లనే ఉన్నది!" పదకొండు గొంతులు. బయట ఎండలో కూర్చున్నవాళ్ళు లోపలేమైందో తెలియకుండానే అందుకున్నారు: "ఉన్నది! ఉన్నది!" గోడలు అదిరాయి. "దింపినవాని మీద ఖూనీ కేసు!" అని బాలన్న నేల మీదనుంచే అరిచాడు.

అమీను కాగితం లాక్కుని చింపాడు. నా జబ్బ పట్టి ఈడ్చుకుపోయి అర్రలోకి నెట్టాడు. అమ్మ నన్ను పట్టుకుంది. అమీను జవానులను పిలవలేదు, మా గొంతులకు భయపడ్డవాడిలా తానే రెండు చేతులతో తలుపు మూశాడు.